పిల్లర్ వెనక మనిషి

మొన్న దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్‌లో సంచిని స్కానింగ్ బెల్టు మీద పెట్టే ముందు, అలవాటుగా లోపలి నుంచి చిన్న ప్లాస్టిక్ డబ్బా తీసి చేతిలో పట్టుకున్నాను. ఆ మెషిన్‌లోంచి పోతే ఫిల్మ్ పాడవుతుందని మా మేనమామ చెప్పిన మాట. మామూలుగా అక్కడుండే ఆవిడకు నేను తెలుసు, చూసీ చూడనట్టు వదిలేస్తుంది. ఆ రోజు కొత్తమ్మాయి ఉంది. "ఏంది మేడం గది?" అని డబ్బా మూత తీయించింది. లోపలి రీలును చూసి, ఇట్లాంటిది చిన్నప్పుడు వాళ్లింట్లో ఉండేదని గుర్తుపట్టి, సంతోషంగా, "ఎవరిదన్న ఫంక్షనా?" అని అడిగింది. "లేదమ్మా, ఊరికే. నా కోసమే తీసుకుంట" అన్నాను. ఆ పిల్ల నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసింది. నెరిసిన జుట్టు, పోచంపల్లి కాటన్ చీర, సంచిలోంచి బయటికి కనబడుతున్న కొత్తిమీర కట్ట. "మీ కోసమా?" అంది. అంతే. అందులో వెక్కిరింత కూడా లేదు. అయినా మెట్లెక్కి ప్లాట్‌ఫారం మీదికి చేరేదాకా నా చెవులు వేడిగానే ఉన్నాయి. ఒక మనిషి తన కోసం ఒక పని చేసుకుంటున్నానని చెప్పడానికి ఇంత సిగ్గెందుకు పడాలో నాకు ఇప్పటికీ అర్థం కాదు. కాని ఆ సిగ్గు ఎక్కడ ముదిరిందో మాత్రం తెలుసు. ఎల్బీనగర్‌లో, ఒక మెట్రో పిల్లర్ దగ్గర.

మాది మ్యాచింగ్ సెంటర్. మా అత్తగారి వాళ్లు పోచంపల్లి దగ్గర మగ్గం మీద నేసినవాళ్లే, నేను కోడలిగా వచ్చేనాటికే మగ్గం పోయి దిల్‌సుఖ్‌నగర్‌లో దుకాణం వచ్చింది. జాకెట్టు ముక్కలు, లైనింగులు, ఫాల్స్. పొద్దున వంట కాగానే నేను కూడా వెళ్లి కూర్చునేదాన్ని. మ్యాచింగ్ సెంటర్‌లో ఎన్నడూ కూర్చోనివాళ్లకు లోకంలో ఎన్ని రంగులున్నాయో తెలియదు. మామిడిపండు రంగు అడుగుతారు, తీసి చూపిస్తే, "ఇది కాదండీ, ఇంకొంచెం పండిన మామిడి" అంటారు. పండినది చూపిస్తే అది మరీ మాగిపోయిందంటారు. చీరంచు పట్టుకుని బయట ఎండలోకి పోయి చూసుకుని, లోపలికొచ్చి లైటు కింద చూసుకుని, రెండింటికీ పొత్తు కుదరక, వెళ్లిపోతారు. మా ఆయనకు ఓపిక ఎక్కువ. విసుక్కోకుండా తాన్లన్నీ మళ్లీ మడత పెడతాడు. నాకు మాత్రం రాత్రి కళ్లు మూసుకున్నా ఆ రంగులే కదిలేవి. వంకాయ రంగు తర్వాత వంకాయ పువ్వు రంగు, దాని వెనక ఉల్లిపొర రంగు. అందుకే కాబోలు, వనస్థలిపురంలో ఉండే మా మేనమామ ఇల్లు మారుతూ సామాను సర్దేటప్పుడు తన పాత కెమెరాను నా చేతిలో పెట్టి, "ఇండ్ల నలుపు తెలుపు రీలు ఏసుకో బిడ్డా, కండ్లకు సల్లగుంటది" అన్నప్పుడు, ఎవరో దాహానికి మంచినీళ్లిచ్చినట్టు అనిపించింది.

ఆయన ఒక ఆదివారం కూర్చోబెట్టి నేర్పాడు. రీలు ఎక్కించడం, వెలుతురును బట్టి నంబర్లు తిప్పడం. అద్దంలోంచి చూస్తే నడిమధ్యన చిన్న గుండ్రం ఉంటుంది. అందులో మనిషైనా స్తంభమైనా రెండు ముక్కలై కనబడుతుంది. ముందున్న చక్రం తిప్పుతూ పోతే ఆ రెండు ముక్కలూ జరిగి జరిగి ఒక్కటవుతాయి. అప్పుడు నొక్కాలి. "అందరికి చూపియ్యకు" అని కూడా చెప్పాడు. "చూపిస్తే, బాగున్నదంటే బాగుండేటివే తీస్తవు. మనకోసం తీసుకునేటి దాంట్ల బాగుండుడుతోని పని లేదు." ఆయన రిటైరైన గుమాస్తా, ఇట్లాంటి మాటలు ఆయనకెక్కడ దొరికేవో తెలియదు. నేనా మాటను పూర్తిగా పట్టించుకున్నాను. అవసరానికి మించి పట్టించుకున్నాను. కెమెరా నా దగ్గరుందని మా ఆయనకు కూడా చెప్పలేదు. మొదట చెబుదామనే అనుకున్నాను. రెండు మూడు రోజులు వాయిదా పడ్డాక, ఇన్ని రోజులెందుకు చెప్పలేదంటే ఏమనాలో తోచలేదు. దాపరికాలన్నీ ఇట్లా బద్ధకంగానే మొదలవుతాయేమో.

దానికి తగ్గట్టు సాకు కూడా దొరికింది. ఎల్బీనగర్‌లో ఒక టైలరమ్మ ఉంది, చీరలకు ఫాల్స్ వేసి పీకో చేస్తుంది. వారానికొకసారి మధ్యాహ్నం చీరలు తీసుకుని నేనే వెళ్లేదాన్ని. చీరలిచ్చి రావడం చిటికెలో పని. మిగతా మధ్యాహ్నమంతా నాది. లైనింగు గుడ్డ సంచిలో అడుగున కెమెరా పెట్టుకుని, టైలరమ్మ సందు దాటగానే తీసేదాన్ని. ఏం తీసేదాన్నంటే చెప్పడానికి నాకిప్పుడు కూడా మొహమాటమే. ఆడపిల్లల హాస్టల్ డాబా మీద వరసగా ఆరేసిన చున్నీలు. మధ్యాహ్నం పూట మెట్రో లైను నీడ రోడ్డు మీద అడ్డంగా పడితే, ఆ నీడలోనే బండ్లు నిలిపి చెమట తుడుచుకునే షేర్ ఆటోవాళ్లు. కారుతున్న నీళ్ల ట్యాంకరు రోడ్డు పొడుగునా గీసుకుంటూ పోయిన తడి గీత. మూసిన షట్టర్ మీద అతికించి చింపేసిన కోచింగ్ సెంటర్ పోస్టర్లో మిగిలిన ఒక్క కన్ను. రంగులు లేవు కాబట్టి వీటికి ఏ జాకెట్టూ కుదర్చక్కర్లేదు. నొక్కగానే లోపల టప్పుమని ఒక చప్పుడు, తర్వాత బొటనవేలితో రీలును ముందుకు జరిపినప్పుడు చేతికి తగిలే మెత్తని బరువు. ఏం వచ్చిందో అప్పుడే తెలియదు, తెలుసుకోవాలన్న తొందరా ఉండదు. రీలు నిండాక కోఠి దాటి ఒక పాత ల్యాబ్‌లో ఇచ్చి, వారం ఆగి తెచ్చుకుని, మా డాబా మీద నీళ్ల ట్యాంకు వెనక కూర్చుని చూసుకునేదాన్ని, ఇంట్లో తెలియకుండా బీడీలు కాల్చే పిల్లగాండ్లలాగ.

దొంగతనానికి దాని చిక్కులు దానికుంటాయి. ఒకసారి ఒక కిరాణా కొట్టు షట్టర్ నీడను కెమెరాలోంచి చూస్తుంటే కొట్టాయన పరుగున బయటికొచ్చి, "మేడం, రోడ్డు ఎడల్పు చేస్తున్రా? మాది ఎంత పోతది?" అన్నాడు. కాదని చెబితే మరెందుకని అడుగుతాడని తలూపాను. ఆయన కుర్చీ వేసి చాయ్ తెప్పించాడు. నేను తాగాను. "జర చూడున్రి మేడం, పిల్లలు గలోన్ని" అంటుంటే గాజు గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను. ఇంటికొచ్చాక ఆ చాయ్ అరగలేదు. మర్నాడు పొద్దున్నే మళ్లీ వెళ్లి, ఏ రోడ్డూ లేదు, నేను ఎవరినీ కానని చెప్పి వచ్చాను. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. "మరి ఎందుకు తీస్తున్రమ్మా?" అని జాలిగా అడిగాడు.

ఇంతలో మా ఆడబిడ్డ నన్ను చూసింది. ఆమెది మీర్‌పేట్. ఎల్బీనగర్‌లో షేర్ ఆటో ఎక్కబోతూ, టైలరమ్మ ఉన్న సందుకు చాలా అవతల, ఇంకేదో గల్లీలోంచి నేను బయటికి రావడం చూసిందట. పిలిచిందట కూడా. నాకు వినబడలేదు. ఆ రోజు ఏం తీశానో కూడా నాకు గుర్తుంది. ఒక ముసలామె గుమ్మంలో కూర్చుని మిరపకాయలు తొడిమలు తీస్తూ, ఎండ జరిగినకొద్దీ తనూ పీటతో సహా జరుగుతోంది. ఆమెను అడిగి తీశాను. ఆ సంతోషంలో ఉన్నాను. ఆడబిడ్డ ఈ సంగతి తన అన్నకు చెప్పింది. నాకు చెప్పలేదు. మా ఆయన కూడా నన్ను ఏమీ అడగలేదు. కాని తర్వాతి వారం నేను సంచి సర్దుకుంటుంటే, లెక్క చూసుకుంటూ తలెత్తకుండా, "ఇయ్యాల ఎన్ని చీరలున్నయి ఫాల్స్‌కు?" అన్నాడు. అన్నేళ్లలో ఎన్నడూ అడగని మాట. నేను జవాబు చెప్పి వచ్చేశాను. ఆ మాటలో ఏముందో ఆలోచించనంత ఆత్రంగా ఉన్నాను, ఆకాశంలో మబ్బు పలచగా పట్టింది, నీడలు మెత్తగా ఉంటాయని.

ఆ రోజు చీరలిచ్చేసి మెయిన్ రోడ్డు మీదికొచ్చాను. ఒక పిల్లర్‌కు కింది నుంచి పైదాకా టులెట్ కాగితాలు, హాస్టళ్ల కాగితాలు ఒకదానిమీద ఒకటి అంటించి, వానకు నాని, బెరడులాగ లేచి ఉన్నాయి. రోడ్డుకు ఇవతల నిలబడి కెమెరా కంటికి ఆనించాను. గుండ్రంలో పిల్లర్ అంచు రెండు ముక్కలుగా ఉంది. చక్రం తిప్పుతున్నాను. అంచు పక్కనే ఒక మనిషి భుజం, సగం మొహం, అవీ రెండు ముక్కలే. తిప్పుతుంటే ముక్కలు దగ్గరికొచ్చాయి. ఒక్కటయ్యాయి. మా ఆయన. అప్పటికే నా వేలు నొక్కేసింది. చూడటానికీ నొక్కడానికీ నడుమ ఆలోచన ఉండకూడదని నాకు నేనే నేర్పుకున్నాను, ఆ చదువు అక్కడ పనికొచ్చింది.

కెమెరా దించాను. ఆయన పిల్లర్ వెనక్కి జరగలేదు, ముందుకీ రాలేదు. మా మధ్య నుంచి బస్సులు పోతున్నాయి. బస్సు పోయినప్పుడల్లా మళ్లీ అక్కడే కనబడ్డాడు. సిగ్నల్ పడ్డాక నేనే దాటి వెళ్లాను.

"దుకాణం ఎవరు చూస్తున్రు?" అన్నాను. ఎంత తెలివితక్కువ ప్రశ్నో.

"బంద్ చేసొచ్చిన" అన్నాడు. మళ్లీ తనే, "గదేంది చేతుల?" అన్నాడు.

"కెమెరా. వనస్థలిపురం మామ ఇచ్చిండు."

"ఎవరి కోసం తీస్తున్నవ్?"

"ఎవరి కోసం కాదు. నాకే."

ఆయన దానివంక చూశాడు. అందులో తనకు తెలియని మనిషెవరో ఉండి, ఇప్పుడు బయటికొస్తాడన్నట్టు చూశాడు. ఎవరూ రాలేదు. అప్పుడు ఆయన మొహం నేల మీదికి దిగిపోయింది. "చెల్లె చెప్పింది" అన్నాడు. "వదినె గల్లీలకెల్లి ఒక్కతే నవ్వుకుంట పోతున్నది అన్నా, పిలిస్తె పలుకలె అన్నది. నాకేం తోచలే. నవ్వుకుంట పోయిందంటె..." చిన్నగా అన్నాడు, "ఇంట్ల నువ్వు ఎన్నడు గట్ల నవ్వంగ చూడలే నేను."

నన్ను అనుమానించినందుకు నాకు కోపం రావాలి. వస్తుందేమోనని చూశాను. రాలేదు. సిగ్గేసింది. ఎండలో చెమటలు కక్కుతూ పిల్లర్ వెనక నిలబడ్డ ఆయన్ను చూసి కాదు, ఆ చివరి మాటకు. ఆ నవ్వు ఎట్లా ఉంటుందో నాకూ తెలియదు. అది ఇంటి బయట ఏదో గల్లీలో, ఎవరికీ చెందకుండా నా మొహం మీద తిరుగుతోందని, ఇంట్లో ఒక మనిషికి దాని కొరత తెలుస్తోందని నేనెన్నడూ అనుకోలేదు.

"నన్ను తీసినవా?" అన్నాడు.

అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది. "తీసిన" అన్నాను. "చూసుకోలే. వేలు పడ్డది."

"తీసేస్తె పోదా?"

"పోదు. కడిగిందాంక ఏం చేయరాదు."

ఆయన తలూపాడు. ఒకే మెట్రోలో ఇంటికొచ్చాం. ఆయన జెంట్స్ వైపు నిలబడ్డాడు, నేను లేడీస్‌లో కూర్చున్నాను.

ఫోన్‌లో తీసిందైతే అక్కడే చెరిపేసేవాళ్లం. ఇద్దరం ఒక గంటలో మరిచిపోయినట్టు నటించేవాళ్లం. ఫిల్మ్‌లో నాకు నచ్చిందే ఆ ఆగడం, వచ్చిందాన్ని వెంటనే చూడలేకపోవడం. ఇప్పుడు అదే శిక్షయింది. రీలు సగమైనా కాలేదు. నిండితే తప్ప కడిగించలేను, నింపడానికి చెయ్యి రాదు. కెమెరాను లైనింగు సంచిలోంచి తీసి అల్మరా మీద అందరికీ కనబడేటట్టు పెట్టాను, దాచినందుకు ప్రాయశ్చిత్తంగా. మా అత్త అది బీపీ చూసే మిషననుకుంది. ఆయన గదిలోకి వచ్చినప్పుడల్లా దానివైపు చూడకుండా తిరిగేవాడు. నేనేమో ఇంట్లో నవ్వడం మొదలుపెట్టాను. ఆయన చాయ్ తాగుతుంటే నవ్వేదాన్ని, అన్నం పెడుతూ నవ్వేదాన్ని. మూడో రోజు మా అత్త నా నుదుటి మీద చెయ్యి వేసి, "ఏమైందే, పానం బాగలేదా?" అని అడిగింది. ఆయన కంచంలోకి చూస్తూ, "ఊకోరాదు, ఎందుకు తిప్పలు" అన్నాడు మెల్లగా. ఇద్దరికీ సిగ్గే. ఒకరి సిగ్గు ఒకరికి తెలుసు, దాన్ని తీసే ఉపాయం మాత్రం ఎవరికీ తెలియదు.

దుకాణం సెలవు రోజొకటి వచ్చింది. పొద్దున బండి తుడుస్తూ ఆయనే అడిగాడు. "దాంట్ల ఇంక ఎన్ని మిగిలినయి?"

"సగం పైననే ఉన్నయి."

"తీసుకో మరి. నాదర్‌గుల్ దిక్కు పోదాం. ఆడ చిన్న ఇమానాలు తిరుగుతయంట."

మీర్‌పేట్ మీదుగా పోయాం. ఆడబిడ్డ ఇల్లున్న సందు వచ్చినప్పుడు ఆయన బండి వేగం పెంచాడు, నేను వెనక పక్కకు తిరిగి నవ్వుకున్నాను. నాదర్‌గుల్‌లో విమానాలు నడపడం నేర్చుకునే మైదానం గోడకు దూరంగా, ఖాళీ ప్లాట్ల మధ్య బండి ఆపాడు. అక్కడ ఆకాశం తప్ప ఇంకేమీ లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంత ఆకాశం ఒక్క దగ్గర ఎన్నడూ చూడలేదు. కెమెరా తీశాను గాని, కంటికి ఆనించలేకపోయాను. పక్కన మనిషుంటే నాకు చేతకాదు. ఆయనకది ఎట్లా తెలిసిందో, నా చేతిలోంచి సంచి తీసుకుని బండికి ఆనుకుని రెండోవైపు తిరిగి నిలబడ్డాడు. "నేను గటు మొకం పెట్టుకుంట. నువ్వు తీసుకో" అన్నాడు. అట్లాగే నిలబడ్డాడు, ఎండ నెత్తిమీదికొచ్చేదాకా. ఒక చిన్న విమానం తూనీగలాగ పైకి లేచి, చుట్టూ తిరిగి, మళ్లీ దిగుతోంది. నేర్చుకుంటున్నవాళ్లెవరో. మొదట్లో ఒక్కొక్కటి ఆచితూచి నొక్కాను, తర్వాత ఆయన ఉన్నాడన్నదే మరిచిపోయాను. రీలు అయిపోయి బొటనవేలికి లివర్ గట్టిగా తగిలినప్పుడు తిరిగి చూస్తే ఆయన ఇంకా అటే చూస్తున్నాడు, ఖాళీ ప్లాట్ల రాళ్లవైపు. ఆ వీపును చూసి నాకు ఏడుపొచ్చింది. తీయడానికి రీలు లేకపోవడమే మంచిదైంది.

వారం తర్వాత కోఠికి ఇద్దరం వెళ్లాం. కవరు తీసుకుని బస్‌స్టాప్ బెంచీ మీద కూర్చున్నాం. "ముందు నువ్వు చూడు, నీయి" అన్నాడు. నేను అన్నిటినీ దాటేసి ఆ ఒక్కటి వెతికి, చూడకుండానే ఆయన చేతికిచ్చాను. ఆయన చాలాసేపు చూశాడు. తర్వాత నాకు చూపించాడు. ఆ రోజు రోడ్డు మీద నాకు కనబడింది అనుమానం. ఫొటోలో ఉన్నది భయం. పిల్లర్‌ను ఒక చేత్తో పట్టుకుని, తప్పిపోయిన పిల్లవాడు జాతరలో ఎవరి మొహమో వెతుక్కున్నట్టు చూస్తున్నాడు. ఇన్నేళ్ల కాపురంలో, పొద్దున లేచిన మొహం, జ్వరం పడ్డ మొహం, బేరం చేసే మొహం, అన్నీ నాకు కంఠతా వచ్చనుకున్నాను. ఇది నేనెన్నడూ చూడలేదు. నన్ను పోగొట్టుకుంటానేమోనని ఒక మనిషి ఇట్లా అయిపోతాడని తెలియదు. ఆ మొహాన్ని ఆయన్ను అడగకుండా, చెప్పకుండా, దొంగచాటుగా తీసుకున్నట్టయింది నాకు.

"నా మొకం గిట్లుంటదా?" అన్నాడు.

"రోజు గిట్లుండదు" అన్నాను.

ఇంకా దగ్గరగా పెట్టుకుని చూసి, "కాళ్లు చూడు" అన్నాడు. చూశాను. ఒక కాలికి ఆయన పట్టీల చెప్పు, రెండో కాలికి ఎవరిదో వేలి చెప్పు. షట్టర్ దించేసి గాబరాగా బయల్దేరడంలో దుకాణం ముందు ఏది దొరికితే అది తొడుక్కున్నాడు. ఆ రోజంతా అట్లాగే నడిచాడు, నా పక్కన ఇంటిదాకా వచ్చాడు, ఇద్దరిలో ఒక్కరమూ కిందికి చూడలేదు. ఆయన నవ్వాడు. భుజాలు కదిలేటట్టు, బస్సు కోసం నిలబడ్డ వాళ్లు తిరిగి చూసేటట్టు నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. "చింపేయమంటరా?" అని అడిగాను.

"చింపకు" అన్నాడు. "కాని ఎవ్వలకు చూపియ్యకు."

చూపించలేదు. మా ఆడబిడ్డ ఒకసారి వచ్చి, వంటింట్లో నా పక్కన నిలబడి ఉల్లిగడ్డలు కోస్తూ, "నేను వేరే ఏమనలే వదినె, నవ్వుకుంట పోతున్నవని చెప్పిన, గంతే" అంది. "నువ్వు చెప్పింది నిజమే" అన్నాను. కోయడానికి ఉల్లిగడ్డలు అయిపోయినా ఆమె కత్తి పట్టుకుని అక్కడే నిలబడింది. ఇప్పుడు మధ్యాహ్నాలు నేను చెప్పే పోతాను. "ఫొటోలకు పోతున్న" అంటాను, ఆయన తాన్లు మడత పెడుతూ సరేనంటాడు. వచ్చాక ఏం తీశావని అడగడు. కొన్నిసార్లు నేనే చెబుతాను, ఫలానా గోడ, ఫలానా నీడ అని. ఆయనకు అందులో ఏముందో అర్థం కాదు, అయినా చేతిలో పని ఆపి వింటాడు. చెబుతూ నేను నవ్వుతానట. అది ఆయనే చెప్పాడు, నాకు తెలియదు. ఆ బొమ్మను మాత్రం ఎప్పుడన్నా తీసి చూసుకుంటాను, చూసినప్పుడల్లా మొహం వేడెక్కుతుంది. సగం జీవితం ఒక గదిలో గడిపాక ఒక మనిషిని మొదటిసారి చూడటం ఆలస్యమే. ఆ ఆలస్యానికి సిగ్గుపడేంత కాలం ఇద్దరికీ ఇంకా మిగిలి ఉండటమే మా అదృష్టమని ఈ మధ్య అనిపిస్తోంది.